ఒకే ముద్దలోంచి రెండు ఉంగరాలు

పొద్దున లేవగానే రౌని చేసే మొదటి పని పొయ్యిమీద నీళ్లు పెట్టడం. సగం కాఫీకి, సగం చేతికి. చేతి నీళ్లు తెల్లగిన్నెలో పోసుకుని, కిటికీ దగ్గరికి కుర్చీ లాక్కుని, ఎడమ చెయ్యి మణికట్టుదాకా ముంచి కూర్చునేది. నీళ్లు చల్లారేవరకూ లేచేది కాదు. నాలుగేళ్లుగా ఇదే వరస. ఆ నీళ్లు చల్లారే వేళకి ఎదురింటి గున్వోర్ వచ్చేది.

గున్వోర్ రౌని భర్తకి అక్క. డెబ్బై రెండేళ్ల మనిషి, తలుపు తట్టే అలవాటు లేదు. గుమ్మంలో బూట్లు విదిలించి, ఉన్ని మేజోళ్లతో నేరుగా బల్ల దగ్గరికి వచ్చి కూలబడేది.

"కాచావా వాడికి?"

"కాచాను వదినా."

"ఎలా ఉన్నాడు?"

"అలాగే. చల్లగా."

గున్వోర్ చూపుడువేలు చాపి రౌని ఉంగరాన్ని ఒకసారి ముట్టుకునేది. వేడినీళ్లలోంచి అప్పుడే తీసిన చెయ్యి ఎర్రగా ఉండేది గానీ, ఉంగరం మాత్రం బావిలోంచి తోడిన చెంబులా ఉండేది. "నిన్నటికంటే నయంలే," అని గున్వోర్ కాఫీ పోసుకునేది. నయమేమీ కాదని ఇద్దరికీ తెలుసు.

పాయలా పట్నానికి ఉత్తరాన ఆ ఊళ్ల నేలలో ఆకాశంలోంచి పడ్డ ఇనుము దొరుకుతుంది. మనుషులింకా ఆ దిక్కుకి రాకముందే పడిందట. దాని మీదనుంచి మంచుకొండలు జరిగి, కరిగి, మళ్లీ గడ్డకట్టి, మళ్లీ జరిగి, దాన్ని మట్టిలోకి తొక్కేశాయి. రౌని భర్త హెన్నింగ్ లోహాన్ని పసిగట్టే కర్ర పట్టుకుని ఆ ముద్దల్ని వెతికి తవ్వుకొచ్చేవాడు. రౌని వాటిని పలకలుగా కోసి, అద్దంలా రుద్ది, ద్రావకంలో ముంచేది. నిమిషం తిరక్కుండానే లోపల దాగిన గీతలు పైకొచ్చేవి. కోసిన గడ్డి నేలమీద అడ్డదిడ్డంగా పరిచినట్టు ఉండేవి. ఒక ముద్ద గీతలు ఇంకో ముద్దకి రావు. ఇక హెన్నింగ్ కొలిమి దగ్గర రెండురకాల ఉక్కు రేకుల్ని పేర్చి, కాల్చి, కొట్టి, మడిచి, మళ్లీ కొట్టి పొరల ఉక్కు చేసేవాడు. దాన్ని ద్రావకంలో ముంచితే చెరువు మీద గాలి రేగినట్టు అలలు తేలేవి. ఉంగరానికి లోపలి చుట్టు ఆయన ఉక్కు, పైపట్టీ ఆమె కోసిన ఇనుము. ఇద్దరి చేతులూ పడకపోతే ఉంగరం లేదు.

ఒకే ముద్దలోంచి తీసిన రెండు ఉంగరాలకి ఒకే వేడి ఉంటుందని అక్కడ అందరికీ తెలుసు. ఒకటి ఎండలో ఉంటే రెండోదీ వెచ్చబడుతుంది, ఒకటి వాగులో మునిగితే రెండోదీ చల్లబడుతుంది, మధ్య ఎన్ని ఊళ్లున్నా సరే. మొగుడు ఇంటికొచ్చే వేళని ఉంగరాన్ని బట్టి కనిపెట్టి బంగాళాదుంపలు పొయ్యిమీద పెట్టే ఆడవాళ్లు ఆ ఊళ్లో చాలామందే ఉన్నారు. లారీ నడిపే తోర్‌స్టెన్, లారీ చెడిపోయిందని ఫోన్ చేసి పక్కూరి వితంతువు ఇంటి ఆవిరిగదిలో చేరితే, ఇక్కడ చేపలు తోముతున్న భార్య వేలు చురుక్కుమంది. ఆమె ఆ పొలుసుల చేత్తోనే కారెక్కింది. అందుకే ఉంగరాల కోసం దూరంనుంచి జంటలు వస్తే రౌని ముందే అడిగేది: "ఒకే ముద్దలోంచి చెయ్యనా, వేరువేరు ముద్దల్లోంచా?" అమ్మాయిలు ఒకే ముద్ద అనేవాళ్లు. అబ్బాయిల్లో కొందరు బూట్లవైపు చూసుకుంటూ, "వేరువేరు గీతలైతే అందంగా ఉంటాయేమో," అనేవాళ్లు.

నాలుగేళ్ల కిందట, సెప్టెంబరులో ఒక మంగళవారం, హెన్నింగ్ రొట్టె, ఫ్లాస్కు సంచిలో వేసుకుని కర్ర భుజాన పెట్టుకున్నాడు. "సాయంత్రం చేపల పులుసు చెయ్యి, ఉప్పు తగ్గించి చెయ్యి," అని వెళ్లాడు. ఆఖరిమాట అదే. పెద్దమాటేమీ కాదు.

మధ్యాహ్నం రెండింటికి రౌని వేలు ఒక్కసారిగా చల్లబడింది. వాగు దాటుతున్నాడనుకుంది. అరగంటైనా వెచ్చబడలేదు. లేచి కాఫీ కప్పు చుట్టూ చెయ్యి వేసి పట్టుకుంది. తరవాత పొయ్యి తలుపు తెరిచి నిప్పులకి చెయ్యి చూపించింది. చర్మం కమిలింది గానీ ఉంగరం వేడెక్కలేదు. అవతల ఏదో చాలా పెద్దది, ఏమాత్రం తొందర లేనిది, ఆమె పంపే వేడినంతా తాగేస్తూ కూర్చుంది.

కారు అడవి బాట చివర దొరికింది. పోలీసులు, కుక్కలు, నాలుగు ఊళ్ల జనం మూడు వారాలు వెతికారు. తరవాత మంచు పడింది. బయట సున్నాకి ముప్పై ఐదు డిగ్రీల కిందకి దిగినా రౌని వేలిమీద చల్లదనం మాత్రం పెరగలేదు, తగ్గలేదు. వేసవిలో ఎండ కాసినా అంతే. ఆ మార్పులేనితనమే చెప్పింది: హెన్నింగ్ గాలి తగిలేచోట లేడు, పారే నీళ్లలోనూ లేడు. బురదనేల అడుగున ఉన్నాడు. ఏ బురదనేల అన్నదే తెలీదు. ఆ చుట్టుపక్కల వాటిని లెక్కపెట్టినవాళ్లెవరూ లేరు.

పాస్టరు వచ్చి, చర్చిలో ప్రార్థన ఒకటి జరిపిద్దామన్నాడు. గున్వోర్ ఆయన్ని గుమ్మందాకా సాగనంపింది. "మా వాడికి ఇంకా చలేస్తోంది. చలేస్తున్నవాడికి అంత్యక్రియలేంటి పాస్టరుగారూ?" అంది.

ఆరోగ్యకేంద్రంలో నర్సు రౌని వేలు చూసి, ఇలాగే తెల్లబడిపోతే కష్టమనీ, ఉంగరం కోసెయ్యడం మంచిదనీ చెప్పింది. "తీసేస్తే ఆయన ఒక్కడే అయిపోతాడు," అంది రౌని. నర్సు పూతమందు ఒకటి రాసిచ్చి ఊరుకుంది. ఆమె వేలికీ అలాంటి ఉంగరమే ఉంది.

అలా నాలుగేళ్లు. పొద్దున గిన్నెలో నీళ్లు, పగలు కాఫీ కప్పు, శనివారం ఆవిరిగది. ఎప్పుడూ బురదే గెలిచేది.

జూలై ఆఖరివారంలో, పొద్దు మునిగీ మునగనట్టుండే రోజుల్లో, ఒక గురువారం పదిగంటలకి రౌని పనిగదిలో ద్రావకం గిన్నెమీద వంగి ఉంది. పట్టకారు చివర ఎవరో డెన్మార్క్ పిల్ల పెళ్లి ఉంగరం. గీతలు అప్పుడప్పుడే పైకి తేలుతున్నాయి. ఆమె ఎడమ వేలు వెచ్చబడింది.

మొదట ద్రావకం చింది పడిందేమో అనుకుంది. చెయ్యి కడుక్కుంది. ఉంగరాన్ని పెదాలకి ఆనించుకుని చూసింది. వెచ్చగా ఉంది. పొయ్యి వెచ్చదనం కాదు, ఎండ వెచ్చదనమూ కాదు. మనిషి ఒంటి వెచ్చదనం. డెన్మార్క్ పిల్ల ఉంగరం ద్రావకంలోనే మిగిలిపోయి నల్లబడిపోయింది.

రౌని పనిబట్టలతోనే రోడ్డు దాటింది. గున్వోర్ చెట్టుకింద కూర్చుని నల్లపళ్ల పొదలకి పురికొస కడుతోంది. రౌని చెయ్యి చాపింది. గున్వోర్ ముట్టుకుంది. రెండో చేత్తో కూడా ముట్టుకుంది.

"వచ్చాడు," అంది గున్వోర్. లేచి నిలబడింది. "ఒసే, వచ్చాడే! నేను చెప్పలేదూ?"

ఆ మధ్యాహ్నమంతా గున్వోర్ ఇంట్లోంచి ఏలకుల రొట్టె వాసన వచ్చింది. అటకమీంచి తమ్ముడి బూట్లు దించి, నూనె రాసి, మెట్లమీద పెట్టింది. రౌని రోడ్డుకేసి చూస్తూ కూర్చుంది. సాయంత్రమైంది. రోడ్డుమీద ఒక దుప్పి, పళ్లు కోసే కూలీల తెల్లవ్యాను తప్ప ఇంకేమీ రాలేదు.

ఆ రాత్రి రౌని ఏడు గంటలపాటు ఒళ్లు తెలీకుండా నిద్రపోయింది. నాలుగేళ్లలో అదే మొదటిసారి.

మూడు రోజులు గడిచేసరికి ఆమెకి అర్థమైపోయింది. ఉంగరం తెల్లవారి నాలుగున్నరకే చురుగ్గా అవుతోంది. హెన్నింగ్ ఏనాడూ ఏడుకి ముందు లేచినవాడు కాదు. పగలు గంటకోసారి చన్నీళ్లలో మునిగినట్టు చల్లబడి మళ్లీ తేరుకుంటోంది. శనివారం ఆవిరిగదికి వెళ్లే వేళకి వేడెక్కలేదు. సాయంత్రం ఎనిమిదింటికి మాత్రం సెగ విడతలు విడతలుగా తగులుతోంది. చెంచాతో తినేవాళ్ల చెయ్యి కాదది. పొగలు కక్కే తిండిని వేళ్లతో తీసి ముద్దచేసుకుని తినే మనిషి చెయ్యి. ఏటా వేసవిలో తూర్పుదేశంనుంచి వచ్చి, బురదనేలల్లో పసుపుపళ్లు కోసే కూలీల చెయ్యి.

గున్వోర్‌కి ఆ మాట చెప్పింది. గున్వోర్ చాలాసేపు బల్లమీద గీతల్ని గోటితో గీరుతూ కూర్చుంది.

"అంటే దొంగ చేతిలో ఉంది నా తమ్ముడి ఉంగరం."

"దారిలో దొరికింది పెట్టుకుంటే దొంగతనం కాదు వదినా."

"ఏదో ఒకటి. వెళ్లి అడుగు. ఎక్కడ దొరికిందో అడుగు. ఉంగరం ఉన్నచోటే వాడూ ఉంటాడు కదా!"

"రేపు వెళ్తా."

రేపు వచ్చింది. డెన్మార్క్ పిల్ల ఉంగరం మళ్లీ చెయ్యాలంది రౌని. ఆ మర్నాడు కారులో నూనె చూసుకోవాలంది. చుట్టుపక్కల కూలీల మకాములు మూడే ఉన్నాయి, గట్టిగా గంట ప్రయాణం. అయినా కాళ్లు కదల్లేదు. వెళ్తే ఉంగరం ఇచ్చేస్తారు. ఇచ్చేస్తే వేలు మళ్లీ ఒంటరిదవుతుంది. పొద్దున్నే లేచి ఎవరో తెలీని ఆ మనిషి చెయ్యి వెచ్చబడటం కోసం ఎదురుచూస్తోంది ఆమె. ఇంకా గిన్నెలో నీళ్లు పోసుకుని చెయ్యి ముంచుతూనే ఉంది. ఎవరికోసమో తనకే తెలీదు.

మంగళవారం గున్వోర్ కాఫీ ముట్టలేదు. "నీకు ఆ వేడి రుచి తగిలింది మరదలా," అంది. "ఎవరిదో కూడా తెలీని చెయ్యి పట్టుకుని కూర్చున్నావు. వాడు అక్కడ బురదలో ఉన్నాడు."

రౌని గిన్నె తీసి తొట్టిలో బోర్లించింది.

బుధవారం ఉంగరం ఎప్పటికన్నా వెచ్చగా ఉంది. ఎండ ఎక్కువేమో అనుకుంది. గురువారం కాలింది. పట్టుకున్న పట్టకారు వదిలేసి రౌని చెయ్యి చన్నీళ్ల పంపు కింద పెట్టింది. హాయిగా అనిపించాక గానీ ఆలోచన రాలేదు: ఇది జ్వరం. ఎవరికో ఒళ్లు కాలిపోతోంది. తను పంపు కట్టలేదు. సాయంత్రందాకా తడిగుడ్డ చుట్టుకుని కూర్చుంది. మకాంలో చూసేవాళ్లుంటారులే అనుకుంది, ఆ మాటని పదిసార్లు అనుకుంది.

శుక్రవారం పొద్దున వేడి దిగడం మొదలైంది. ముందు రౌని ఊపిరి పీల్చుకుంది. తరవాత ఇంకా దిగింది. మామూలు ఒంటి వెచ్చదనం దగ్గర ఆగుతుందేమోనని చూసింది. ఆగలేదు. మనుషులు ఒక్కొక్కరే లేచి వెళ్లిపోయాక గది చల్లబడినట్టు, నెమ్మదిగా, అన్ని మూలలనుంచీ చల్లబడుతోంది. ఈ చలి ఎక్కడికి వెళ్లి ఆగుతుందో రౌనికి తెలుసు. నాలుగేళ్లు దానితో కాపురం చేసింది.

కారు తాళాలు తీసుకుని పరిగెత్తింది. గున్వోర్ ఎదురింటి గుమ్మంలోనే ఉంది.

"ఎక్కడికే?"

"చచ్చిపోతోంది వదినా, ఆ మనిషి!"

గున్వోర్ చెప్పులు కూడా మార్చుకోకుండా వెనకసీట్లో ఎక్కింది. "పద. నేనూ వస్తా. తిట్టేది ఎవరో ఒకరు ఉండాలిగా."

రౌని కారులో హీటరు ఆఖరిదాకా తిప్పింది. వేసవి ఎండ, అద్దాలు మూసి ఉన్నాయి. ఎడమ చెయ్యి వేడిగాలి వచ్చే సందుకి అదిమిపెట్టి, కుడిచేత్తో నడిపింది. గున్వోర్ ఉన్ని చొక్కాలో చెమటతో తడిసిపోతూ కూడా అద్దం దించమనలేదు. ఉంగరం పుచ్చుకున్న వేడిని పుచ్చుకున్నట్టే అవతలికి పంపేస్తోంది. అవతల ఇంకా పూర్తిగా బురద కాలేదు. ఏదో కొంచెం నిలబడుతోంది.

మొదటి మకాంలో ఎవరికీ జబ్బు లేదన్నారు. రెండోది మూతపడ్డ బడి. పెరట్లో ఖాళీ బక్కెట్లు బోర్లించి ఉన్నాయి, అందరూ అడవికి వెళ్లిపోయారు. వంటమనిషి ఒకామె మెట్లమీద కూర్చుని పచ్చిమిరపకాయలు తరుగుతోంది. పేరు ఉరై, ఆమెదీ ఆ కూలీల దేశమే. పాయలాలో రంపాల మిల్లువాణ్ని పెళ్లిచేసుకుని ఇరవై ఏళ్లుగా ఇక్కడే ఉంది, భాష వచ్చు.

"ఒంట్లో బాగోనివాళ్లు ఎవరైనా ఉన్నారా?"

ఉరై కత్తి కిందపెట్టింది. "ఒకామె ఉంది. కాల్లో ఏదో కర్ర గుచ్చుకుంది, జ్వరమొచ్చింది. నేను చెప్తూనే ఉన్నా, తీసుకెళ్లండని. సాయంత్రం చూద్దామన్నాడు మేస్త్రీ. పొద్దున జ్వరం దిగిందిలే. ఒళ్లు చల్లబడింది, పడుకుంది."

"దిగలేదు," అంది రౌని.

తరగతి గదిలో గోడకింకా అంకెల పటం వేలాడుతోంది. దానికింద మంచంమీద నలభై ఏళ్ల మనిషి. మొహం బూడిదరంగుకి తిరిగింది. పాదానికి చుట్టిన గుడ్డ పైనుంచి ఎర్రగీత ఒకటి మోకాలికేసి పాకింది. కుడిచేతి బొటనవేలికి హెన్నింగ్ ఉంగరం. ఆయన వేళ్లు లావు, ఆమెకి ఇంకే వేలికీ పట్టి ఉండదు.

అది చూడగానే రౌని కాళ్లు ఆగిపోయాయి. ఆ గీతలు ఆమె కోసినవి, ఆ అలలు ఆయన కొట్టినవి. అప్పుడు ముందుకి నడిచింది గున్వోరే. తిట్టడానికి వచ్చిన మనిషి, ఆ బూడిదరంగు మొహాన్ని రెండు చేతుల్లోకి తీసుకుని, "లే తల్లీ, లే," అంది.

ఫోన్ చేస్తే అంబులెన్సు బయల్దేరుతుందన్నారు గానీ దూరం చాలా ఉంది, మీరూ ఎదురు రండి అన్నారు. ముగ్గురూ కలిసి ఆమెని కారులోకి చేర్చారు. తల గున్వోర్ ఒళ్లో, కాళ్లు ఉరై ఒళ్లో. పేరు లమ్దువాన్ అనీ, దువాన్ అని పిలుస్తారనీ ఉరై చెప్పింది. రౌని మళ్లీ చెయ్యి వేడిగాలికి అదిమింది.

"వదినా, చెయ్యి ఎలా ఉంది?"

"మంచుగడ్డలా ఉంది."

"బొటనవేలు?"

గున్వోర్ దువాన్ బొటనవేలు పట్టుకుని చూసింది. "బొటనవేలు వెచ్చగా ఉందే," అంది. "నువ్వు చెయ్యి తియ్యకు. కాలినా సరే తియ్యకు."

కాలింది. నాలుగురోడ్ల కూడలిలో పెట్రోలు బంకు దగ్గర అంబులెన్సు ఎదురయ్యేసరికి రౌని వేలిమీద బొబ్బలు లేచాయి. అంబులెన్సు నర్సు సూది పట్టుకుని దువాన్ ఎడమచేతిలో వెతికింది, మోచేతి దగ్గర వెతికింది. నరాలన్నీ లోపలికి ముడుచుకుపోయాయి. కుడిచెయ్యి అందుకుంది. బొటనవేలి మొదట్లో, ఉంగరం పక్కన, ఒక్క నరం నీలంగా పైకి తేలి ఉంది. సూది ఒక్కసారికే దిగింది. నర్సు ఆ ఉంగరాన్ని చూసింది, తలెత్తి రౌని చేతిని చూసింది. ఆ ప్రాంతపు పిల్లే.

"ఆసుపత్రి చేరడానికి గంటన్నర పడుతుంది," అంది. "చల్లారనివ్వకండి ఆంటీ."

రౌని పెట్రోలు బంకులో కాగితపు కప్పుతో కాఫీ కొని ఉంగరం చుట్టూ పట్టుకుని కూర్చుంది. చల్లారగానే ఇంకోటి. గల్లాపెట్టె దగ్గరి కుర్రాడు మూడో కప్పునుంచీ డబ్బులు తీసుకోలేదు. ఆరో కప్పు సగంలో ఉండగా అవతలనుంచి, ఆమె పంపకుండానే, కొంచెం వెచ్చదనం వచ్చింది. అప్పుడు రౌని ఏడ్చింది. నాలుగేళ్లలో ఏడవలేదు.

పదకొండు రోజుల తరవాత ఆసుపత్రిలో దువాన్ లేచి కూర్చుంది. రౌని, గున్వోర్, ఉరై లోపలికి రాగానే రెండు చేతులూ జోడించింది. ఆ జోడించిన చేతులమీద ఉంగరం. ఉరై మాటలు అటూ ఇటూ మోసింది.

"బురదలో నాచుదిబ్బ మీద తెల్లటి వేరు లాంటిది లేచి ఉంది, నాచు కదిలిస్తే బురదలోపల దానికి ఉంగరం తొడిగి ఉంది. అది వేరు కాదని తీస్తున్నప్పుడు తెలిసింది, అంటోంది," అంది ఉరై, గొంతు తగ్గించి. "భయపడి, దణ్ణం పెట్టుకుని, నీ వాళ్లు కనిపిస్తే ఇచ్చేస్తాను, అంతవరకూ నా దగ్గర ఉంచుకుంటానని చెప్పిందట. మేస్త్రీకి చూపిస్తే నోరు మూసుకో, పని ఆగిపోతుందన్నాడట. జేబుకి చిల్లు ఉందని వేలికి పెట్టుకుంది."

దువాన్ మళ్లీ ఏదో అంది, రౌని వైపు చూస్తూ.

"రోజూ పొద్దున ఆరింటికి, అడవిలో ఒక్కతే ఉన్నప్పుడు, ఉంగరం వెచ్చబడేదట. ఎవరో చెయ్యి పట్టుకున్నట్టు. అడవి దేవత అనుకున్నాను, అది నువ్వా అక్కా? అంటోంది."

రౌని తలూపింది. వారంరోజులు తను ఎందుకు రాలేదో చెప్పాలనుకుంది. చెప్పలేకపోయింది. గున్వోర్ ఆమె వైపు చూసి, ఆ సంగతి తనూ ఎత్తలేదు.

దిబ్బ దగ్గర కూలిపోయిన వేటగాళ్ల మంచె ఉందని దువాన్ ఆనవాలు చెప్పింది. పోలీసులకి అది చాలు. ఏటా మంచు రాళ్లని పైకి తోసినట్టే ఆయన చేతిని కొంచెం కొంచెంగా పైకి తోసింది. మిగతా హెన్నింగ్ దానికింద మూరెడు లోతున, పక్కకి ఒత్తిగిలి, నిద్రపోతున్నట్టే ఉన్నాడు. వెతికినవాళ్లు ఆ దారిన రెండుసార్లు నడిచి వెళ్లారట.

సెప్టెంబరులో ఖననం. దువాన్ కుంటుతూ వచ్చింది, ఎవరివో నల్లకోటు తొడుక్కుని. చర్చిలో శవపేటిక మూత ఇంకా బిగించలేదు. దువాన్ ఉంగరాన్ని రెండు చేతులతో పట్టుకుని రౌనికి అందించింది.

రౌని ముందే నిర్ణయించుకుంది. అది హెన్నింగ్ ఉంగరం. హెన్నింగ్‌తో వెళ్లాలి. తన వేలు ఎప్పటికీ చల్లగా ఉండిపోతే ఉండిపోనీ, పొద్దున గిన్నెలో నీళ్లు పోసుకోవడం తనకేమీ కొత్తకాదు. ఆ వారంరోజులకి అదే శిక్ష అని కూడా అనుకుంది. ఉంగరం పుచ్చుకుని పేటిక దగ్గరికి వెళ్లింది.

గున్వోర్ ఆమె మణికట్టు పట్టుకుంది.

"ఏం చేస్తున్నావు?"

"వేస్తున్నా వదినా. ఆయనది."

"నాలుగేళ్లు కాచావు," అంది గున్వోర్. చర్చి అంతా వినపడేలా, ఇంట్లో కాఫీ దగ్గర మాట్లాడినట్టే. "ఆ కాస్త వెచ్చదనం వాడికి అందిందో లేదో దేవుడికి తెలియాలి. ఈ పిల్లకి అందింది, నేను నా చేత్తో చూశాను. మట్టికి ఇంకెంతకాలం కాస్తావే?"

"ఆయనకి చలేస్తే?"

గున్వోర్ పేటికలోకి వంగి చూసింది. తమ్ముడి మొహంమీద కప్పిన గుడ్డ సర్దింది. "వెయ్యనీ," అంది మెల్లిగా. "చచ్చిపోయాడమ్మా వాడు."

ఆ మాట గున్వోర్ నోట రావడం అదే మొదలు. ఉంగరం తీసుకుని, దువాన్ దగ్గరికి నడిచి, ఆమె బొటనవేలికి తనే తొడిగింది. దువాన్ వద్దు వద్దని చెయ్యి లాక్కుంది. గున్వోర్ వదల్లేదు.

నెలాఖరున దువాన్ తన దేశం వెళ్లిపోయింది. ఆ ఏడాది చలి తొందరగా దిగింది. క్రిస్మస్‌కి ముందే నది గడ్డకట్టింది. రౌని పనిగదిలో కూర్చుంటే వేలికి ఎక్కడిదో ఎండ తగిలేది. తనకి పొద్దున కాఫీ వేళ, అక్కడ మిట్టమధ్యాహ్నం దాటి ఉండేది. ఒక్కోసారి చురుక్కుమనేది, దాక దించుతోందేమో. ఒక్కోసారి నీళ్లలో మునిగి చాలాసేపు అలాగే ఉండేది, నాట్లేమో, గుడ్డలేమో, పిల్లలకి తలంట్లేమో. వేలు తెలుపు పోయి ఎర్రబడింది. గున్వోర్ రోజూ వచ్చేది గానీ ఉంగరం ముట్టుకోవడం మానేసింది. రౌని అర్ధరాత్రి నిద్రలేచి, చెయ్యి చెంపకి ఆనించుకుని, ఆ పాత చలికోసం వెతుక్కునేది. హెన్నింగ్ ఎక్కడున్నాడో ఆమెకిప్పుడు తెలుసు. ఎలా ఉన్నాడో తెలీదు. ఇంట్లో ఆయన ఇప్పుడే కొత్తగా లేకుండా పోయాడు.

జనవరిలో ఒకనాడు, ఎండ గంటసేపు కనిపించిపోయే వేళలో, ఒక్కతే శ్మశానానికి వెళ్లింది. సున్నాకి ముప్పై నాలుగు డిగ్రీల కింద. రాతిమీద మూరెడు మంచు పేరుకుని పేరు కనిపించడం లేదు. రౌని చేతితొడుగు తీసింది. ఎడమచెయ్యి ఆ మంచులో గుచ్చి ఒక్క నిమిషం ఉంచితే చాలు. ఆయన్ని మళ్లీ వేలికి తెలుసుకోవచ్చు. అదే చలి, అదే బరువు. ఒక్క నిమిషం.

చెయ్యి మంచుకి బెత్తెడు దూరంలో ఆగింది. ఉంగరం వెచ్చగా, నిదానంగా ఉంది. అక్కడ సాయంకాలం అయి ఉంటుంది. దువాన్ పనులు ముగించుకుని ఎక్కడో కూర్చుని ఉంటుంది. ఉన్నట్టుండి వేలు గడ్డకట్టుకుపోతే ఉలిక్కిపడుతుంది. అక్కకేమైందో అని హడలిపోయి, లేచి నిప్పుల దగ్గరికి పరిగెడుతుంది.

రౌని ఎడమచెయ్యి కోటు లోపల, చంక కింద దాచుకుంది. కుడిచేత్తో మంచు తుడిచింది. మొదట పేరులో చివరి అక్షరం కనిపించింది.